పాత స్పోర్ట్స్ కారు, సొంత రిపేరు: అపోహలు - వాస్తవాలు

ముందే చెప్తున్నా, ఇక్కడ స్పోర్ట్స్ కారంటే ఫెరారీ, పోర్షె కాదు. నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు కుర్రాళ్లు ముచ్చటపడి సెకండ్ హ్యాండ్‌లో కొనుక్కునే బండ్లు వేరే ఉన్నాయి. 106 హార్స్‌పవర్ పాత హోండా సిటీ 1.5 వీటెక్, ఫియట్ పాలియో 1.6, ఎక్కడన్నా ఒక స్కోడా ఆక్టేవియా ఆర్ఎస్. ఇరవై ఏళ్లు పైబడిన బండ్లు కాబట్టి ఏదో ఒక మూలుగు ఉంటుంది, అందులో తప్పేం లేదు. కానీ మా మెకానిక్ షెడ్డుకొచ్చేవాటిలో చాలావాటికి అసలు జబ్బు చిన్నది, ఊహ మీద మార్చేసిన పార్టుల బిల్లు పెద్దది. ఇంట్లో సొంతంగా స్పానర్ పట్టేవాళ్లు కూడా అదే దారిలో పోతున్నారు కాబట్టి, నాకు రోజూ వినబడే మాటలు కొన్ని తీసుకుని రాస్తున్నా.

అపోహ: "మన ఎండలకి థర్మోస్టాట్ వాల్వ్ ఎందుకన్నా, తీసి పారేస్తే ఇంజన్ చల్లగా ఉంటుంది."

ఇది పెద్ద మెకానిక్కులు కూడా చెప్పే మాట, అందుకే కుర్రాళ్లు నమ్ముతారు. థర్మోస్టాట్ ఉన్నది ఇంజన్‌ని చల్లబరచడానికి కాదు, సరైన వేడి దగ్గర నిలబెట్టడానికి. దాదాపు 80 డిగ్రీల దగ్గర అది తెరుచుకోవడం మొదలుపెడుతుంది, పూర్తిగా తెరుచుకున్నాక నీళ్లకి అడ్డం ఉండదు. తీసేస్తే ఏమవుతుందంటే, హైవే మీద గాలి తగిలేకొద్దీ ఇంజన్ ఉండాల్సిన దానికంటే చల్లబడుతుంది, ఇంజన్ ఇంకా వేడెక్కలేదనుకుని ఈసీయూ, అంటే ఇంజన్ కంప్యూటర్, పెట్రోల్ ఎక్కువ పోస్తుంది, మైలేజీ పడిపోతుంది, ఆయిల్లో చేరిన తేమ ఆవిరైపోక అక్కడే ఉండిపోతుంది. ఇక వీటెక్ అంటే ఇంజన్ వేగంగా తిరిగేటప్పుడు వాల్వులు ఎక్కువ తెరిచి పవర్ పెంచే హోండా ఏర్పాటు, ఇంజన్ సరిపడా వేడెక్కకపోతే అది పని చేయదు. "పికప్ పోయిందన్నా, ఇంజన్ దించాలా" అని వచ్చే సిటీకి నేను ముందు చూసేది టెంపరేచర్ ముల్లు ఎక్కడుంది, ఆయిల్ లెవెల్ ఎంతుంది అని. వీటెక్ ఆయిల్ ప్రెషర్ మీద నడిచే ఏర్పాటు కాబట్టి ఆ తర్వాత దాని సోలనాయిడ్ (కరెంటుతో తెరుచుకునే వాల్వ్) విప్పి దాని కింది చిన్న జల్లెడ చూస్తా. మడ్డి పట్టి మూసుకుపోయి ఉంటే కడిగి, గ్యాస్కెట్ మార్చి బిగించడమే. ఇంజన్ దించే మాట ఆ తర్వాత.

వేడెక్కడం నిజమైన సమస్య అయితే ఒక్క ప్రశ్న వేసుకోండి, ముల్లు ఎప్పుడు లేస్తోంది? నెల్లూరు వీఆర్సీ సెంటర్ ట్రాఫిక్‌లో లేచి, ఊరు దాటి హైవే ఎక్కగానే దిగిపోతే ఫ్యాన్, దాని స్విచ్, రిలే చూడాలి. ట్రాఫిక్‌లో బాగుండి, ఒంగోలు రోడ్డెక్కి వంద మీద పోతుంటే లేస్తోందంటే రేడియేటర్ మూసుకుపోయి ఉండొచ్చు, కూలెంట్ తక్కువై ఉండొచ్చు, వాటర్ పంపు అయ్యుండొచ్చు. కూలెంట్‌లో బుడగలు ఆగకుండా వస్తూ అది తరిగిపోతుంటే అప్పుడు హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ బ్లాకుకీ పైనున్న హెడ్‌కీ మధ్య ఉండే సీలు) అనుమానించండి. దీనికి జవాబు తెలియకుండా రేడియేటర్ కొనేశారంటే డబ్బులు పెన్నాలో పోసినట్టే.

అపోహ: "కూలెంట్ మంచు దేశాలకి, మనకి నీళ్లు చాలు."

ఏ నీళ్లు? మన కోస్తాలో చాలాచోట్ల బోరు నీళ్లు ఉప్పు. బిందె అడుగున తెల్లగా కట్టే గార రేడియేటర్ గొట్టాల్లో కూడా కడుతుంది, అల్యూమినియం హెడ్‌ని తినేస్తుంది. కూలెంట్ తుప్పుని ఆపుతుంది, నీళ్లు మరిగే డిగ్రీని పైకి జరుపుతుంది. ఇన్వర్టర్ బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ సగం సగం కలపండి. రెడీమేడ్‌గా కలిపి అమ్మేదైతే నీళ్లు పోయొద్దు. వేడి మీద మూత మాత్రం తిప్పొద్దు, తిప్పితే ముఖం కాలుతుంది.

అపోహ: "మధ్యాహ్నం ఎండలో పెడితే స్టార్ట్ కాదు, సాయంత్రానికి అదే అవుతుంది. అంటే పెట్రోల్ పంపు పోయింది."

దీని మీద కాస్త ఎక్కువ రాస్తా, ఎందుకంటే మే నెలలో ఈ ఒక్క మాట మీద ఎన్ని మంచి పంపులు అనవసరంగా మారిపోతాయో లెక్కలేదు. ఎనభై, తొంభైల నాటి డిజైన్ హోండాల్లో మెయిన్ రిలే అని ఒక చిన్న డబ్బా డాష్‌బోర్డు కింద ఉంటుంది, ఇంజెక్షన్‌కీ పంపుకీ కరెంటు ఇచ్చేది అదే. ఏళ్ల తరబడి వేడెక్కి చల్లారి లోపల టంకం పగులుతుంది. ఎండకి కారు లోపల కాలిపోతుంటే ఆ పగులు విడిపోతుంది, చల్లబడ్డాక మళ్లీ కలుస్తుంది.

చూసే పద్ధతి: బండి మొరాయించినప్పుడే చూడాలి, సాయంత్రం చూస్తే లాభం లేదు. కిటికీలు ఎక్కించి, ఏసీ ఫ్యాన్, పాటలు ఆపి, తాళం ఆన్‌లో పెట్టి వినండి. వెనక సీటు వైపు నుంచి రెండు సెకన్లు జుయ్‌మని పంపు సద్దు రావాలి. చెక్ ఇంజన్ లైటు వెలిగి మామూలుగానే ఆరిపోయి, ఆ సద్దు మాత్రం రాకపోతే ముందు ఫ్యూజు, తర్వాత రిలే. బ్యాటరీ నెగటివ్ తీసి, రిలే ఊడదీసి, డబ్బా తెరిచి, ఫోన్ కెమెరా జూమ్ చేసి పిన్నుల మొదట్లో చూడండి. పగిలిన చోట టంకం చుట్టూ వెంట్రుకంత నల్ల గీత గుండ్రంగా కనబడుతుంది. పాతది కరిగించి కొత్త టంకం పెడితే చాలు. మీకు చేతకాకపోతే మొబైల్ రిపేరు కుర్రాడు అయిదు నిమిషాల్లో పెట్టేస్తాడు. ఇదంతా చేశాక కూడా పంపు తిరగకపోతే, పంపు దగ్గరి వైర్లో 12 వోల్టులు వస్తున్నాయో లేదో కొలిచి, వస్తుంటేనే పంపు మార్చండి.

అపోహ: "ఇంజన్ నడుస్తుంటే బ్యాటరీ టెర్మినల్ పీకి చూస్తే ఆల్టర్నేటర్ సంగతి తెలుస్తుంది."

ఆల్టర్నేటర్ అంటే ఇంజన్ నడుస్తుంటే కరెంటు తయారుచేసి బ్యాటరీ నింపేది. ఈ టెస్టు ట్రాక్టర్ల కాలం నాటిది. ఈసీయూ ఉన్న బండికి చేస్తే వోల్టేజీ ఒక్కసారి ఎగిరి దాన్నే కాల్చొచ్చు. మల్టీమీటర్ పెట్టండి. ఆపి ఉన్నప్పుడు 12.6 దగ్గర, నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.5 మధ్య చూపిస్తే బాగున్నట్టు.

అపోహ: "బ్లూటూత్ స్కానర్ పెడితే ఏ పార్టు పోయిందో అదే చెప్తుంది."

చాలా పాత బండ్లకి అది కనెక్టే కాదు. ఆ హోండాల్లో రెండు పిన్నుల సర్వీస్ కనెక్టర్‌ని వైరు ముక్కతో కలిపితే చెక్ ఇంజన్ లైటే మినుకుమని కోడ్ చెప్తుంది, ఎన్నిసార్లు వెలిగిందో లెక్కపెట్టుకోవాలి. ఆ కోడ్ కూడా ఏ సర్క్యూట్‌లో తేడా ఉందో చెప్తుంది గానీ సెన్సర్ కొనమని చెప్పదు. వైరు ఎలుక కొరికినా అదే కోడ్.

అపోహ: "ఈ20 పోస్తే పాత ఇంజన్ పోయినట్టే" / "ఈ20 వల్ల ఏమీ కాదు."

రెండూ తప్పే. ఈ20 అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. ఇథనాల్‌లో లీటరుకి పెట్రోల్ కంటే దాదాపు మూడో వంతు శక్తి తక్కువ, కాబట్టి మైలేజీ కొంత తగ్గుతుంది. అసలు భయం పాత రబ్బరుకి. పెట్రోల్ హోసులు, ఇంజెక్టర్ ఓ-రింగులు ఉబ్బి, పగిలి కారొచ్చు, వేడి ఇంజన్ మీద కారితే మంటే. హోసు వేలితో వంచి చూడండి, సన్నగా నెర్రెలు కనబడితే ఇంజెక్షన్ ప్రెషర్‌కి తగ్గ హోసే వేయండి, మామూలు రబ్బరు పైపు పనికిరాదు. నెలల తరబడి కవరు కప్పి పెట్టే బండి అయితే ఇథనాల్ తేమ పీలుస్తుందని గుర్తుంచుకోండి, అప్పుడప్పుడూ బయటికి తీయండి.

అపోహ: "నీళ్లలో ఆగిపోతే గట్టిగా ఇంకో సెల్ఫ్ కొడితే లేస్తుంది."

2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర హైవే తెగిపోయిన వాన ఎవరూ మర్చిపోలేదు. ఎయిర్ ఫిల్టర్ దాకా నీళ్లొచ్చి ఆగిన బండికి సెల్ఫ్ కొట్టొద్దు. సిలిండర్లో చేరిన నీళ్లు గాలిలా నొక్కుకోవు, పిస్టన్‌ని పట్టుకున్న కనెక్టింగ్ రాడ్డే వంగుతుంది. తోయించుకుని వచ్చి, స్పార్క్ ప్లగ్గులు విప్పి నీళ్లు బయటికి పోయాకే మిగతా పని.

జాకీ ఒక్కదాన్నే నమ్మి, లేదా సిమెంటు ఇటుకలు పేర్చి బండి కింద దూరడం గురించి అపోహ, వాస్తవం అని రాసేదేం లేదు. ఇటుక పగిలితే పైనున్నది టన్ను బరువు. స్టాండ్లు కొనండి, లేకపోతే ఆ పని షెడ్డులో చేయించుకోండి.

అపోహ: "ఈ బండ్లకి పార్టులే దొరకవు."

దొరుకుతాయి, తిరగాలి. మనకి చెన్నైలో పాత పార్టులు అమ్మే పుదుపేట బజారు పొద్దున బయల్దేరితే రాత్రికి తిరిగి రాగలిగేంత దూరమే. డోర్ హ్యాండిళ్లు, లైట్లు, అద్దాలు, ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్ లాంటివి అక్కడ పాతవి తెచ్చుకోవచ్చు. టైమింగ్ బెల్టు, బ్రేకు రబ్బర్లు, హోసులు మాత్రం ఎంత చవగ్గా ఇచ్చినా పాతవి ముట్టుకోవద్దు. టైరు కూడా బటన్లు చూసి కొనకండి, పక్కన నాలుగంకెల నంబరు చూడండి, 2319 అంటే 2019లో 23వ వారం. ఫోన్లో ఫొటో కాకుండా మీ పాత పార్టే పట్టుకెళ్లండి, ఒకే మోడల్లోనే రెండు మూడు రకాలు ఉంటాయి, వెనక్కి తీసుకోమంటే అక్కడ ఎవరూ తీసుకోరు.