ఒట్టి ‘టెన్షన్’ అంటే సరిపోదు

పరీక్ష హాల్లో కూర్చోగానే చదివిందంతా ఎగిరిపోయిందని పిల్లలు చెబితే అది చాలాసార్లు సాకు కాదు. లెక్క మధ్యలో వచ్చే అంకెల్ని కాసేపు పట్టి ఉంచే వర్కింగ్ మెమరీలో చోటు చాలా తక్కువ. ‘తప్పితే ఎలా’ అన్న చింత కూడా ఆ చోటులోనే తిష్ఠ వేస్తుంది. లీబర్ట్, మోరిస్ అనే మనస్తత్వవేత్తలు 1967లోనే పరీక్షల ఆందోళనను రెండుగా విడదీశారు: గుండెదడ, చెమట లాంటి ఒంటి అలజడి ఒకటి, తలలో తిరిగే చింత మరొకటి. మార్కులకు ఎక్కువ చేటు చేసేది చింతే. పెద్దలకు మాత్రం అలజడే కనిపిస్తుంది, ‘భయపడకు’ అనేస్తారు. దాంతో ‘అయ్యో, భయపడుతున్నానే’ అన్న ఇంకో చింత తోడవుతుంది.

ఈ అలజడిని, చింతను విడదీసి చూడటానికి కావాల్సింది ఎమోషనల్ ఇంటెలిజెన్స్, అంటే భావాలతో తెలివిగా వ్యవహరించడం. ఈ భావనకు 1990లో శాస్త్రీయ రూపమిచ్చిన మనస్తత్వవేత్తలు సాలొవే, మేయర్ 1997లో దాన్ని నాలుగు నేర్పులుగా వివరించారు: భావాల్ని గుర్తించడం, ఆలోచనకు వాడుకోవడం, అర్థం చేసుకోవడం, అదుపులో పెట్టుకోవడం. నలుగురిలో కలుపుగోలుగా ఉండటం వేరే సంగతి. ఎదుటివారి చూపులో విసుగును ఇట్టే పసిగట్టే పిల్లలకు నాలుగో నేర్పు లేకపోతే, ఆ పసిగట్టడమే కొత్త బెంగ అవుతుంది. పైగా మెదడులో భయానికి వెంటనే స్పందించే అమిగ్డలా అనే భాగం టీనేజీకే చురుగ్గా ఉంటుంది. దాన్ని నిదానింపజేసే ముందుమెదడు పూర్తిగా ఎదగడానికి పాతికేళ్ల దాకా పడుతుంది.

మొదటి పని, భావాన్ని ఒక్క వాక్యంలో రాయడం: ఏమిటి, దేని గురించి, పదికి ఎంత. ‘రేపు ఫిజిక్స్‌లో డెరివేషన్లు రావేమోనని భయం, 7’ అని ఒకరు రాస్తారు. ‘మార్కులు తగ్గితే నాన్న ముందు నిలబడలేనన్న సిగ్గు, 8’ అని ఇంకొకరు. మొదటిదానికి మందు రెండు గంటల సాధన. రెండోది ఎంత చదివినా తగ్గదు, నాన్నతో మాట్లాడాల్సిందే. ఇద్దరూ ‘టెన్షన్‌గా ఉంది’ అని ఊరుకుంటే ఈ తేడా తెలియదు.

ఒంటి అలజడికి శ్వాస పనికొస్తుంది. 4 సెకన్లు పీల్చి 6 సెకన్లు వదిలితే నిమిషానికి 6 శ్వాసలు. అలా 5 నిమిషాలు. చాలామంది గబగబా బలంగా పీలుస్తారు. అప్పుడు రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోయి తల తిరుగుతుంది, వేళ్లు జివ్వుమంటాయి, భయం రెట్టింపవుతుంది. అందుకే దీన్ని ప్రశాంతంగా ఉన్న రోజుల్లోనే అలవాటు చేసుకోవాలి.

చింతకు కాగితం మేలు. రమిరెజ్, బైలాక్ 2011లో ప్రచురించిన పరిశోధనలో, పరీక్షకు ముందు 10 నిమిషాలు తమ భయాల గురించే రాసుకున్న ఆందోళనపరులు పరీక్ష మెరుగ్గా రాశారు. సంబంధం లేని విషయం రాసినవారికి ఆ మేలు దక్కలేదు.

అన్నిటికంటే మొండిది తప్పించుకోవడం. సెమినార్ రోజు బడి మానేస్తే వెంటనే హాయిగా ఉంటుంది. ఆ హాయే మళ్లీ మానేయమంటుంది. అందుకే ఆ సెమినార్‌నే ముందు ఒక స్నేహితుడికి, తర్వాత ముగ్గురికి, ఆపైన క్లాసుకు చెప్పించాలి. భయం పైస్థాయిలో ఉన్నప్పుడు మధ్యలో లేచిపోతే, పారిపోవడమే కాపాడిందని మెదడు నేర్చుకుంటుంది. కాస్త తగ్గేదాకా నిలబడనివ్వాలి.

13 నుంచి 18 ఏళ్లవారికి 8–10 గంటల నిద్ర లేకుంటే ఇవేవీ సరిగా పనిచేయవు. వారాల తరబడి నిద్ర, తిండి, చదువు దెబ్బతింటుంటే మానసిక వైద్యుల్ని కలవాలి. చనిపోవాలనిపిస్తోందన్న మాట వినిపిస్తే మాత్రం ఆ రోజే కలవాలి, అప్పటిదాకా ఒంటరిగా వదలకూడదు.