అపోహలు – వాస్తవాలు: హోంవర్కు అయ్యాకే బొమ్మలా?

అమలాపురం పరిసరాల్లో డిస్లెక్సియా (చదవడంలో ఇబ్బంది), డిస్‌గ్రాఫియా (రాయడంలో ఇబ్బంది) ఉన్న పిల్లలకు చదువుతో పాటు మట్టిపని, చేతిపని నేర్పుతుంటాను. కొత్తగా వచ్చే తల్లిదండ్రుల్లో చాలామంది మొదటిరోజే ఒక మాట అంటారు: "ముందు హోంవర్కు పూర్తి చేయించండి, ఆ తరువాతే బొమ్మలండి." వినడానికి సబబుగానే ఉన్నా, ఈ పిల్లలకు ఇంతకంటే ఎక్కువ నష్టం చేసే అపోహ నాకు ఇంతవరకు కనబడలేదు.

తోటివారు అరగంటలో ముగించే రాతపని ఈ పిల్లలకు రెండు గంటలైనా తెమలదు. గుడి, కొమ్ము తారుమారవుతాయి, వత్తులు జారిపోతాయి, కొట్టివేసి మళ్ళీ రాసేసరికి వేళ్ళు నొప్పి పుట్టి నిద్రవేళ దాటిపోతుంది. బడిలో డ్రాయింగు పీరియడ్ వచ్చినా మిగిలిన నోట్సు రాయమని కూర్చోబెడతారు. ఆ "తరువాత" అన్నది వీరికి ఎన్నటికీ రాదు; పొద్దుటి నుంచి రాత్రి వరకు తనకు చేతకాని పనితోనే బిడ్డ గడుపుతాడు.

నాలుగో తరగతి చదివే ఒక బాబుకు మార్కులు తగ్గాయని వాళ్ళ నాన్నగారు రంగుల పెట్టెను బీరువా మీదికి ఎక్కించారు. ఏడాది గడిచినా మార్కులు పెరగలేదు సరికదా, పిల్లవాడు మాట్లాడడమే తగ్గించాడు. సంక్రాంతి ముందు, దేవుడి ప్రభలను (రంగురంగులుగా అలంకరించిన ఎత్తైన కట్టడాలను) భుజాల మీద మోసుకొచ్చే మా జగ్గన్నతోట ప్రభల తీర్థాన్ని తలచుకుని, మా పిల్లలకు కొబ్బరి ఈనెలు, రంగు కాగితాలు, పురికొస ఇచ్చి ఎవరికి తోచినట్టు వారిని ప్రభ కట్టమన్నాను. నమూనా ఏదీ చూపలేదు. అతని ప్రభ మూడుసార్లు ఒరిగిపోయింది. సాయం చేయబోయిన నా చేతిని నేనే ఆపుకున్నాను. నాలుగోసారి కొబ్బరిచిప్పలో బంకమన్ను మెత్తి, అందులో ఈనెలు గుచ్చి, రెండు పక్కలా పురికొస లాగి కట్టాడు. "మోసేవాళ్ళు తాళ్ళు పట్టుకుంటారు కదండీ" అన్నాడు. చూసినదాన్ని గుర్తుంచుకుని, తప్పినచోట మరో దారి వెతుక్కున్న ఆ బుద్ధినే సృజనాత్మకత అంటాము. మరునాడు ఆ ప్రభను ఎలా కట్టాడో అతని చేత చెప్పించి, ఆ మాటలనే పెద్ద అక్షరాలతో రాసి ఇచ్చాను. సొంత మాటలు కావడంతో, తడబడుతూనే అయినా, ఐదు వాక్యాలూ చదివాడు.

ఆ సాయంత్రం వాళ్ళమ్మగారు "నా పెంపకంలో ఏమైనా లోపమా అండీ?" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. లేదమ్మా. ఇది మెదడు ఎదుగుదలలో ఉన్న తేడా; తరచు కుటుంబాల్లో వస్తుంది. పెంపకం వల్లనో బద్ధకం వల్లనో వచ్చేది కాదు. మందబుద్ధి అన్న మాట కూడా తప్పే: ఈ పిల్లల్లో చాలామంది తెలివితేటలు తోటివారితో సమానంగానో, అంతకు మించో ఉంటాయి.

బొమ్మలతో డిస్లెక్సియా నయమవుతుందని చెప్పి డబ్బు వసూలు చేసేవారిని నమ్మవద్దు. అక్షరాన్ని దాని ధ్వనితో కలిపి, ఒక క్రమంలో, మళ్ళీ మళ్ళీ నేర్పవలసిందే. డిస్లెక్సియా ఉన్నవారంతా గొప్ప చిత్రకారులవుతారన్నదీ వదంతే; బొమ్మ అందంగా రాకపోయినా ఆ సమయం బిడ్డకు దక్కాలి. వైకల్య సర్టిఫికెట్ తీసుకుంటే పేరు పాడవుతుందని దాచిపెట్టకండి: 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో డిస్లెక్సియా వంటి అభ్యసన వైకల్యాలూ ఉన్నాయి, పరీక్షల్లో అదనపు సమయం వంటి వెసులుబాట్లకు ఆ కాగితం అవసరమవుతుంది.

ఇంట్లో రోజూ ఒకే వేళకు అరగంట చేతిపనికి కేటాయించండి. కత్తెర పట్టలేకపోతే కాగితాన్ని చేత్తో చింపి అతికించనివ్వండి. వంకర పోయిన అంచును మీరు సరిచేయకండి. ఆ వేళకు హోంవర్కు మిగిలి ఉంటే, ఎక్కడ ఆగాడో అక్కడ గీత గీసి, ఎంతసేపు కూర్చుని రాశాడో పక్కన వేసి, సంతకం పెట్టి టీచరుగారికి పంపండి.