ట్యాంకు మీది సెన్సర్, మధ్యలోని గాలి: అల్ట్రాసోనిక్ సెన్సర్లపై అపోహలు - వాస్తవాలు

"అన్నా, నువ్వు పెట్టిన సెన్సర్ అబద్ధం చెప్తుంది." మిర్యాలగూడ రైస్ మిల్లుల నుంచి నాకు వచ్చే ఫోన్లు చాలావరకు ఈ మాటతోనే మొదలవుతాయి. టేపు, నిచ్చెన తీసుకుని పోయి చూస్తే సెన్సర్‌కు ఏమీ అయి ఉండదు. దానికీ నీళ్లకీ నడుమ ఉన్న గాలి మారి ఉంటుంది. లేదంటే దాన్ని బిగించిన చోటు తప్పయి ఉంటుంది. కొత్త సెన్సర్ కొనే ముందు ఈ నాలుగు ముక్కలూ చదివితే కొందరికైనా డబ్బు మిగులుతుందని రాస్తున్నాను.

చిన్నప్పుడు బావిలోకి వంగి అరవనివాళ్లు మన దగ్గర ఉండరు. నీళ్లు పైకి ఉంటే మన గొంతు వెంటనే తిరిగి వస్తుంది, అడుక్కి పోతే కాస్త ఆగి వస్తుంది. ట్యాంకు పైన బిగించి నీళ్లెంత ఉన్నాయో చూసే అల్ట్రాసోనిక్ సెన్సర్ చేసేదీ అంతే. మన చెవికి 20 కిలోహెర్ట్జ్‌ల దాకానే వినిపిస్తుంది. ఇది అంతకంటే పైన, సాధారణంగా 40 నుంచి 400 కిలోహెర్ట్జ్‌ల మధ్య, ఒక చిన్న కేక వేసి ప్రతిధ్వని కోసం కాచుకుంటుంది. వచ్చిన సమయాన్ని శబ్ద వేగంతో గుణించి సగం చేస్తుంది. 5 మీటర్ల లోతున్న ట్యాంకులో పోయి రావడానికి దాదాపు 29 మిల్లీసెకన్లు పడుతుంది. దానికి తెలిసింది ఆ సమయం ఒక్కటే. దూరం లెక్క వేసుకున్నది. లెక్కలో వేగం తప్పితే దూరమూ తప్పుతుంది.

అపోహ: టెంపరేచర్ కాంపెన్సేషన్ ఉన్న సెన్సర్ కొన్నాం, ఇక ఎండతో పని లేదు

గాలిలో శబ్ద వేగం 0 డిగ్రీల దగ్గర సెకనుకు 331 మీటర్లు. ఒక్కో డిగ్రీకి సుమారు 0.6 మీటర్లు పెరుగుతుంది. 20 డిగ్రీల దగ్గర 343, 45 డిగ్రీల దగ్గర 358. కాంపెన్సేషన్ లేని సెన్సర్‌ను 20 డిగ్రీల లెక్కతో వదిలేస్తే, నల్లగొండ మే నెల మధ్యాహ్నం 5 మీటర్ల దూరాన్ని 4.79 మీటర్లని చూపిస్తుంది. 21 సెంటీమీటర్లు తేడా. అందుకే మంచి సెన్సర్లలో ఉష్ణోగ్రత కొలిచే చిన్న భాగం లోపలే పెడతారు, దాన్నిబట్టి సెన్సర్ వేగం లెక్కను సరిచేసుకుంటుంది. టెంపరేచర్ కాంపెన్సేషన్ అంటే ఇదే.

అయితే ఆ భాగం కొలిచేది ఏ ఉష్ణోగ్రత? తన డబ్బా ఉష్ణోగ్రత. ట్యాంకు లోపలి గాలిది కాదు.

ఒక మిల్లులో బాయిలర్‌కు నీళ్లిచ్చే ఇనుప ట్యాంకు మీద సెన్సర్ ఉండేది. నీళ్లు తగ్గితే ఫీడ్ పంపు ఆగిపోయేలా ఇంటర్‌లాక్. వేసవిలో రోజూ మధ్యాహ్నం రెండింటికి పంపు ఆగేది. ఆవిరి ఆగేది, వడ్లు నానబెట్టే సోకింగ్ ట్యాంకుల్లో సరుకు అట్లాగే ఉండిపోయేది. సాయంత్రం ఆరయ్యేసరికి అంతా సరిగ్గానే నడిచేది. నేను వెళ్లేలోపు రెండు సెన్సర్లు మార్చారు. ఎలక్ట్రీషియన్ తమ్ముడు రాత్రిళ్లు వైరింగ్ మొత్తం విప్పి మళ్లీ కట్టాడు. ట్యాంకెక్కి సెన్సర్ మీద చెయ్యి పెడితే చురుక్కుమంది. దాని డబ్బా 60 డిగ్రీలు ఉంది, లోపలి గాలి 40. అది 60 డిగ్రీల వేగంతో లెక్క వేస్తుంది కాబట్టి దూరం 3 శాతం ఎక్కువొస్తుంది. 4 మీటర్ల కింద నీళ్లుంటే 4 మీటర్ల 12 సెంటీమీటర్ల కింద ఉన్నాయంటుంది. ఆ 12 సెంటీమీటర్లే పంపును ఆపాయి.

మందు ఏమిటంటే ఒక రేకు ముక్క. సెన్సర్‌కు ఒక జానెడు పైన, చుట్టూ గాలి ఆడేలా, నీడ కోసం బిగించాం. రేకును సెన్సర్‌కు ఆనించి పెడితే లాభం లేదు, ఆ వేడి మళ్లీ దానికే దిగుతుంది. ట్యాంకు లోతుగా ఉండి కచ్చితమైన కొలత కావాలంటే, విడి టెంపరేచర్ ప్రోబు లోపలికి వేలాడదీసే సెన్సర్ తీసుకోండి.

ఇక్కడే ఒక మాట. నేను చెప్పింది బయటి నీళ్ల ట్యాంకు సంగతి. బాయిలర్ డ్రమ్ములో నీటి మట్టానికి ఈ సెన్సర్‌ను ఎవరు సూచించినా ఒప్పుకోకండి. అక్కడి పీడనానికీ ఆవిరికీ ఇది చేసింది కాదు. నీటి మట్టం కంటికి కనిపించే గేజ్ గ్లాసు, దానికోసమే తయారైన లెవెల్ కంట్రోలర్లు తప్ప ఇంకోటి వద్దు. మనుషుల ప్రాణాల సంగతి అది.

అపోహ: వేడి సరిచేస్తే చాలు, గాలి ఎక్కడైనా గాలే

చౌటుప్పల్, జడ్చర్ల వైపు సాల్వెంట్ ట్యాంకుల్లో ఈ తప్పు చూస్తుంటాను. అసిటోన్, టోలీన్ వంటివి నిల్వ చేసే ట్యాంకులో పైన ఉండేది మామూలు గాలి కాదు, బరువైన ఆవిరి కలిసిన గాలి. బరువైన వాయువులో శబ్దం నెమ్మదిస్తుంది. కార్బన్ డయాక్సైడే చూడండి, 20 డిగ్రీల దగ్గర అందులో శబ్ద వేగం సుమారు 267 మీటర్లే. టెంపరేచర్ కాంపెన్సేషన్‌కు ఈ తేడా కనిపించదు. పైగా ఆవిరి ట్యాంకంతా ఒకేలా ఉండదు, నింపేటప్పుడు ఒక తీరు, రాత్రి ఒక తీరు. అలాంటి చోట శబ్దానికి బదులు రేడియో తరంగంతో కొలిచే రాడార్ పెట్టమనే నా సలహా. ఏది పెట్టినా, మంటలంటుకునే ప్రదేశానికి సర్టిఫికెట్ ఉన్నదే పెట్టాలి.

అపోహ: ఆవిరి, దుమ్ము, నురగ కెమెరాకు అడ్డం గానీ శబ్దానికి అడ్డం కాదు

అడ్డమే. ఉప్పుడు బియ్యం మిల్లులో ఈ మూడూ ఒకే కప్పు కింద దొరుకుతాయి. వేడినీళ్ల సోకింగ్ ట్యాంకులో ఆవిరి లేచి సెన్సర్ ముఖం మీద చుక్కలు కడుతుంది. నానిన వడ్ల నీళ్ల మీద నురగ పేరుకుంటుంది. పలచటి నురగైతే ప్రతిధ్వని ఎలాగో వస్తుంది, మందంగా ఉంటే శబ్దాన్ని మింగేస్తుంది. ఊక బంకరులో ఇంకా కష్టం. మెత్తటి సరుకు, ఏటవాలు కుప్ప, పైనుంచి ఊక పడుతున్నంతసేపూ దుమ్ము. అక్కడ అల్ట్రాసోనిక్ అమ్మడం నేను మానుకున్నాను. నిండిందా, ఖాళీ అయిందా అన్నంతవరకే కావాలంటే తిరిగే రెక్క ఉన్న ప్యాడిల్ స్విచ్ రెండు పెట్టుకోండి, ఖర్చు తక్కువ, ఏళ్ల తరబడి పనిచేస్తుంది. ఎంత ఎత్తు ఉందో అంకెల్లో కావాలంటే 80 గిగాహెర్ట్జ్ రాడార్ పెట్టండి. అది రేడియో తరంగం, గాలి వేడికీ దుమ్ముకీ దాని వేగం లెక్కలోకి వచ్చేంతగా మారదు.

అపోహ: రేంజ్ ఎంత ఎక్కువుంటే అంత మంచిది

గుడి గంట కొట్టాక కాసేపు మోగుతూనే ఉంటుంది కదా. ఆ మోత ఆగేదాకా పక్కవాళ్ల మాట వినపడదు. సెన్సర్‌లో కంపించి కేక వేసే పైజో బిళ్లదీ అదే పరిస్థితి. కేక వేశాక దాని కంపనం ఆగేదాకా ప్రతిధ్వనిని వినలేదు. ఆ కాలంలో శబ్దం పోయి వచ్చేంత దగ్గరి దూరాన్ని బ్లైండ్ జోన్ అంటాం. దూరం ఎక్కువ కొలిచే సెన్సర్లు తక్కువ ఫ్రీక్వెన్సీలో, గట్టిగా అరుస్తాయి. అందుకే వాటి బ్లైండ్ జోన్ పెద్దది.

ఇక్కడ నష్టం ఎట్లా జరుగుతుందో చూడండి. బ్లైండ్ జోన్ 30 సెంటీమీటర్లు. నీళ్లు పెరిగి సెన్సర్‌కు 20 సెంటీమీటర్ల దగ్గరికి వచ్చాయి. మొదటి ప్రతిధ్వని దానికి వినపడలేదు. ఆ శబ్దం సెన్సర్ ముఖానికి తగిలి మళ్లీ నీళ్లకు పోయి, రెండోసారి తిరిగొస్తుంది. సెన్సర్ దాన్ని పట్టుకుని దూరం 40 సెంటీమీటర్లు అంటుంది. నీళ్లు పెరుగుతుంటే తగ్గాయని చెప్తుంది, మోటరు నడుస్తూనే ఉంటుంది, ట్యాంకు పొర్లుతుంది. మీటరున్నర సంపుకు 8 మీటర్ల సెన్సర్ కొనుక్కొచ్చిన చోట ఇదే జరిగింది. సెన్సర్‌ను ఒక పొట్టి, వెడల్పాటి పైపు ముక్క మీద పైకెత్తి, నీళ్లు ఎంత నిండినా బ్లైండ్ జోన్‌లోకి రాకుండా చూశాం. పైపు సన్నగా పొడుగ్గా ఉంటే దాని అంచే ప్రతిధ్వని ఇస్తుంది. పొర్లడం వల్ల నిజంగా నష్టం ఉన్న చోట విడిగా ఒక ఫ్లోట్ స్విచ్ కూడా ఉండి తీరాలి.

కేక సూటిగా దారంలా పోతుందనుకోవడమూ పొరపాటే. 10 డిగ్రీల కోణం ఉన్న సెన్సర్ కేక 5 మీటర్ల కింద 87 సెంటీమీటర్ల వెడల్పుకు విచ్చుకుంటుంది. ఆ వెడల్పులో ట్యాంకు నిచ్చెన మెట్టు ఉన్నా, పైనుంచి పడే నీళ్ల ధార ఉన్నా ముందు అదే జవాబిస్తుంది.

అపోహ: ఎదురుగా వస్తువు ఉంటే చాలు, పట్టేస్తుంది

రంగుతో పని లేదన్నది నిజం. వాటర్ ప్లాంటులో పారదర్శకమైన సీసాలను లైటు సెన్సర్లు పట్టలేక తికమకపడే చోట ఇది నిక్షేపంగా పనిచేస్తుంది. కోణంతో మాత్రం చాలా పని ఉంది. నున్నటి తలం కొన్ని డిగ్రీలు వాలినా ప్రతిధ్వని అద్దం మీది వెలుగులా పక్కకు పోతుంది.

కన్వేయర్ మీద బియ్యం బస్తాల లెక్కకు ఒక మిల్లులో సెన్సర్ పెట్టారు. బస్తాలు ఒక్కోటి ఒక్కో తీరుగా పడి వస్తాయి. వాలిన బస్తా లెక్కకు రాలేదు. సాయంత్రానికి హమాలీల లెక్క ఒకటి, ప్యానెల్ లెక్క ఇంకోటి. గుమస్తా ప్యానెల్‌నే నమ్మాడు. రెక్కల కష్టం మీద బతికేవాళ్ల కూలీ ఆ అంకెతో ముడిపడి ఉంది. ఆ రోజు వాళ్ల మొహాలు చూశాక ఆ పని అయ్యేదాకా ఇంటికి పోలేదు. కన్వేయర్ అవతలి వైపు సెన్సర్‌కు సూటిగా ఒక ఇనుప ప్లేటు బిగించి, సెన్సర్‌ను ఎప్పుడూ ఆ ప్లేటునే చూసేలా సెట్ చేశాం. ప్లేటు ప్రతిధ్వని ఆగిందంటే నడుమ ఏదో వచ్చినట్టే. బస్తా ఎట్లా పడ్డా, గోనె సంచి శబ్దాన్ని ఎంత పీల్చినా తేడా లేదు. చాలా సెన్సర్లలో ఈ పద్ధతి సెట్టింగుల్లోనే ఉంటుంది, ఎవరూ తెరిచి చూడరు. రెండు బస్తాల నడుమ కాస్త సందు ఉండాలి, అంతే.

చిన్నచిన్నవి

మిల్లు చప్పుడు సెన్సర్‌ను చెడగొడుతుందంటారు. మోటర్లు, ఎలివేటర్ల మోత చాలావరకు మన చెవికి వినిపించే స్థాయిలోదే, దానికి పట్టదు. కంప్రెషర్ గాలి బుస్సుమనడం మాత్రం 40 కిలోహెర్ట్జ్ దాకా పోతుంది. రంగు మారిన గింజలను గాలి ఊది ఏరేసే కలర్ సార్టర్ పక్కన, లీకున్న గాలి పైపుల దగ్గర పెట్టకండి. రెండు సెన్సర్లు పక్కపక్కన ఉంటే ఒకదాని కేకను ఇంకోటి వింటుంది. రెండింటి కేకలకూ పొంతన కుదిర్చే సింక్ వైరు కలపండి.

ఆస్పత్రి స్కానింగు, ఇదీ ఒకటేనా అని హమాలీ అక్కలు అడుగుతారు. అది మెగాహెర్ట్జ్‌లలో ఒంట్లోకి పోయేది, ఇది గాలిలో పోయి వచ్చేది. పక్కన నిలబడి పని చేసుకోవచ్చు.

అడ్డంగా పడుకోబెట్టిన డీజిల్ ట్యాంకులో పావు ఎత్తు అంటే పావు డీజిల్ కాదు, 20 శాతం లోపే. ప్యానెల్‌లో ట్యాంకు ఆకారం ఎంచుకోకపోతే లెక్క రోజూ తప్పుతుంది.

అపోహ: ఒకసారి కాలిబ్రేషన్ చేస్తే అయిపోయింది

సెన్సర్ మీద అనుమానం వచ్చిన రోజు ఉదయం ఆరింటికి, మధ్యాహ్నం రెండింటికి, సాయంత్రం ఆరింటికి టేపుతో కొలిచి, పక్కనే ప్యానెల్ అంకె రాయండి. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు ఒకసారి, అడుగంటినప్పుడు ఒకసారి కొలవండి. తేడా ఎప్పుడూ ఒకే అంకె అయితే ఖాళీ ట్యాంకు ఎత్తు తప్పుగా ఇచ్చారు. నీళ్లు తగ్గేకొద్దీ తేడా పెరిగితే వేగం లెక్క తప్పింది. మధ్యాహ్నమే పెరిగితే రేకు వేయండి. నీళ్లు పెరుగుతుంటే ప్యానెల్‌లో లెవెల్ తగ్గినట్టు చూపిస్తే బ్లైండ్ జోన్. ఏ అంకె దగ్గరో అతుక్కుపోతే నిచ్చెన మెట్టో, సెన్సర్ ముఖం మీద చుక్కో చూడండి. మెత్తటి గుడ్డతో తుడవండి, గీకవద్దు. అప్పటికీ కుదరకపోతే ఆ కాగితం చేతిలో పట్టుకుని మీ టెక్నీషియన్‌కు ఫోన్ చేయండి. అంకెలు చదివి వినిపిస్తే సగం రిపేరు ఫోన్లోనే అయిపోతుంది.