బాలింత బరువు ఎవరు రాస్తున్నారు? గర్భిణుల స్థూలకాయంపై అపోహలు – వాస్తవాలు

మన దగ్గర గర్భిణి బరువు అనగానే తక్కువ బరువు గురించే దిగులు. అంగన్‌వాడీ భోజనం, గుడ్లు, పాలు అన్నీ బక్కచిక్కిన తల్లిని దృష్టిలో పెట్టుకుని మొదలైనవే. అవి ఇప్పటికీ కావాలి. అయితే 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల స్త్రీలలో బీఎంఐ (కిలోల బరువును మీటర్లలో ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చే అంకె) 25కి చేరినవాళ్లు, దాటినవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 36 శాతం, తెలంగాణలో 30 శాతం. దేశం మొత్తమ్మీద 24 శాతమే. ఎక్కువ బరువుతోనే గర్భం దాల్చడం మనకిప్పుడు అరుదు కాదు. ఇళ్లలో, ఆస్పత్రి వరండాల్లో వినిపించే మాటలు మాత్రం పాతవే.

"బొద్దుగా ఉంది, దానికి రక్తం ఎందుకు తక్కువవుతుంది?"

ఒళ్లు వేరు, రక్తం వేరు. అదే సర్వేలో రక్తహీనత ఉన్న స్త్రీలు రెండు రాష్ట్రాల్లోనూ సగానికి మించే ఉన్నారు. కొవ్వు ఎక్కువైనప్పుడు హెప్సిడిన్ అనే హార్మోను పెరుగుతుంది. అది పేగుల్లోంచి ఇనుమును రక్తంలోకి సరిగా చేరనివ్వదు. కాబట్టి లావుగా ఉన్నా హిమోగ్లోబిన్ చూడాల్సిందే, 11 కంటే తగ్గితే రక్తహీనతే. ఐరన్ మాత్ర (60 మిల్లీగ్రాముల ఇనుము) గర్భంలో 180 రోజులు, కాన్పయ్యాక మరో 180 రోజులు వేసుకోవాలి. టీ, కాఫీ, పాలతో కలిపి వేసుకుంటే చాలావరకు వృథా. కాల్షియం మాత్రకూ దీనికీ మధ్య కనీసం రెండు గంటలు ఎడం ఉండాలి.

"ఇప్పుడు నువ్వొక్కదానివి కాదు, ఇద్దరి తిండి తినాలి"

ఎక్కువ నష్టం చేసే మాట ఇదే. ప్రేమతో అనే మాట కాబట్టి కాదనడమూ కష్టమే. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్కలో గర్భిణికి రోజుకు అదనంగా కావాల్సింది 350 కేలరీలు. ఒక గ్లాసు పాలు, ఒక ఉడికించిన గుడ్డు, గుప్పెడు వేరుశనగలతో అది తీరిపోతుంది. మొదటి మూడు నెలల్లో అంత కూడా అక్కర్లేదు. ఒక్కో సున్నుండ 150–200 కేలరీలు ఉంటుంది. సీమంతం తర్వాత చుట్టాలు తెచ్చిన డబ్బాలోంచి రోజుకు మూడు తీస్తే అసలు భోజనం ముట్టకముందే లెక్క దాటిపోతుంది.

ఎంత పెరగాలన్నది మొదలుపెట్టిన బరువును బట్టి ఉంటుంది. ఐదడుగుల మనిషి 58 కిలోలకే బీఎంఐ 25కి చేరుతుంది, 70 కిలోల దగ్గర 30. అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 2009లో ఇచ్చిన కొలతల ప్రకారం, గర్భానికి ముందు బీఎంఐ 18.5–24.9 ఉంటే మొత్తం 11.5–16 కిలోలు, 25–29.9 ఉంటే 7–11.5 కిలోలు, 30, అంతకు మించి ఉంటే 5–9 కిలోలు పెరగాలి. మనవాళ్లలో 23 నుంచే అధిక బరువు, 25 నుంచే స్థూలకాయం అని లెక్కిస్తారు కాబట్టి, పొట్టిగా ఉన్నవాళ్లు ఆ శ్రేణిలో కింది అంకెకు దగ్గరగా ఉండటమే మేలని మా అభిప్రాయం. మొదటి చెకప్‌లోనే ఎత్తు కూడా కొలిచి తల్లీబిడ్డల ఆరోగ్య కార్డు మీద రాయించుకోండి. ఎత్తు లేకుండా బరువు ఒక్కటే రాసుకుంటే పై లెక్కల్లో మీది ఏదో తేలదు.

నాలుగో నెల నుంచి ఎక్కువ బరువున్నవాళ్లు వారానికి సుమారు పావు కిలో పెరిగితే సరిపోతుంది. ఒకే వారంలో కిలోకు మించి పెరిగితే అది తిండి వల్ల కాకపోవచ్చు, నీరు చేరి ఉండొచ్చు. దానికి తోడు తలనొప్పి, కళ్లు మసకబారడం, ముఖం ఉబ్బడం ఉంటే అదే రోజు బీపీ చూపించుకోవాలి.

"లావుగా ఉంది కదా, కడుపుతో ఉన్నప్పుడే తగ్గించేద్దాం"

ఇది పై మాటకు పూర్తిగా ఎదురు, ఈమధ్య చదువుకున్న ఇళ్లలో వింటున్నాం. గర్భంలో డైటింగ్ పనికిరాదు. పూటలు మానేస్తే ఒంట్లో కీటోన్లు (తిండి అందక కొవ్వు కరిగినప్పుడు పుట్టే పదార్థాలు) పెరుగుతాయి, బిడ్డకు అందాల్సిన ప్రొటీను తగ్గుతుంది. చేయాల్సింది కంచం మార్చడం. సగం కంచం కూర, ఆకుకూర. పావు భాగం పప్పు, గుడ్డు లేదా చేప. మిగిలిన పావే అన్నం. ముందు కూర, పప్పు తిని తర్వాత అన్నం కలుపుకుంటే అన్నం దానంతటదే తగ్గుతుంది. డాక్టరు వద్దననంతవరకు వారంలో ఐదు రోజులు అరగంట చొప్పున నడవాలి. మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. వేగానికి అదే కొలత. రక్తస్రావం, ఉమ్మనీరు కారడం, ఆయాసం, తల తిరగడం ఉంటే ఆపేయాలి.

"లావు మనిషికి మిషన్ ఎప్పుడూ ఎక్కువ బీపీనే చూపిస్తుంది, పట్టించుకోవద్దు"

ఇందులో సగం నిజముంది, అందుకే ప్రమాదకరం. లావు చేతికి చిన్న పట్టీ కడితే బీపీ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. దానికి విరుగుడు పెద్ద పట్టీ కట్టి మళ్లీ చూడటం, అంకెను కొట్టిపారేయడం కాదు. భుజానికీ మోచేతికీ నడుమ చేతి చుట్టుకొలత 33 సెంటీమీటర్లు దాటితే పెద్ద పట్టీ వాడాలి. ఉప కేంద్రంలో లేకపోతే పీహెచ్‌సీ నుంచి తెప్పించుకోవాలని ఏఎన్‌ఎంలకు మా మనవి. బరువు ఎక్కువున్నవాళ్లలో గుర్రపువాతం (గర్భంలో బీపీ పెరిగి ఫిట్స్ దాకా వెళ్లగల జబ్బు) వచ్చే అవకాశం నిజంగానే ఎక్కువ. కొందరికి డాక్టర్లు మూడో నెల దాటగానే తక్కువ మోతాదు ఆస్పిరిన్ మొదలుపెడతారు. అది సొంతంగా వేసుకునే మందు కాదు.

"మా ఇంట్లో ఎవరికీ షుగర్ లేదు, ఆ తియ్యనీళ్ల పరీక్ష ఎందుకు?"

కుటుంబంలో ఎవరికీ లేకపోయినా గర్భంలో షుగర్ రావచ్చు. ప్రభుత్వ పద్ధతిలో పరగడుపున రావాల్సిన పని లేదు. 75 గ్రాముల గ్లూకోజు 300 మిల్లీలీటర్ల నీళ్లలో కలిపి ఐదు నుంచి పది నిమిషాల్లో తాగించి, సరిగ్గా రెండు గంటలకు రక్తం తీస్తారు. 140 వచ్చినా, దాటినా గర్భకాలపు మధుమేహం. మొదటి చెకప్‌లో ఒకసారి, మామూలుగా ఉంటే 24–28 వారాల మధ్య మళ్లీ చేయాలి. తప్పు ఎక్కువగా జరిగేది కొలత దగ్గరే. పొడిని తూచకుండా చెంచాల లెక్కన వేయడం, క్యూ పెరిగిందని గంటన్నరకే రక్తం తీయడం. తాగిన అరగంటలోపు వాంతి అయితే మరుసటి రోజు మళ్లీ చేయాలి.

"ఇంత లావుంటే ఆపరేషనే"

అవకాశం పెరుగుతుంది, అంతే. బరువు ఒక్కటే సిజేరియన్‌కు కారణం కాదు. సిజేరియన్ అయితే మాత్రం పొట్ట మడత కింద కుట్టు తడిగా ఉండకుండా చూసుకోవాలి. స్నానం తర్వాత మెత్తగా అద్ది, ఆ మడతలో శుభ్రమైన పొడి నూలు గుడ్డ పెట్టుకోవాలి. ఎర్రబడినా, వాసన వచ్చినా ఆలస్యం చేయొద్దు.

"బాలింత నీళ్లు తాగకూడదు, మంచం దిగకూడదు"

పథ్యంలో అన్నీ చెడ్డవి కావు. వెల్లుల్లి కారం, శొంఠి అన్నం, వేడివేడిగా తినడం వీటితో ఎవరికీ తగాదా లేదు. తగాదా మూడింటితో. ఒకటి, నీళ్లు ఆపడం. మలబద్ధకం, మూత్రంలో మంట దాంతోనే మొదలవుతాయి. రెండు, నెలంతా పడుకోబెట్టడం. కాన్పు తర్వాతి ఆరు వారాల్లో కాళ్ల రక్తనాళాల్లో గడ్డలు కట్టే ప్రమాదం ఎక్కువ. లావుగా ఉండి సిజేరియన్ అయినవాళ్లకు ఇంకా ఎక్కువ. ఆపరేషనైనా 24 గంటల్లోపు లేచి నాలుగడుగులు వేయాలి. ఒక పిక్క మాత్రమే వాచి నొప్పిగా ఉన్నా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. మూడు, కూరలు, పండ్లు మాన్పించి నెయ్యి, బెల్లం, కాయంతో (బాలింతకు పెట్టే లేహ్యంతో) నింపడం. కాయం వద్దనడం లేదు, చిన్న ఉసిరికాయంత చాలు.

నడికట్టు గురించి ఒక్క మాట. నడుముకు ఊతం ఇస్తుంది, కొవ్వును కరిగించదు. బిగించి కడితే ఊపిరాడక అవస్థ తప్ప పొట్ట లోపలికి పోదు.

"పాలిస్తే బరువు అదే పోతుంది"

కాన్పుతో బిడ్డ, మాయ, ఉమ్మనీరు కలిపి ఐదారు కిలోలు వెంటనే తగ్గుతాయి. మొదటి వారాల్లో ఒంట్లో నీరు కూడా పోతుంది. మిగిలేది కొవ్వు. పాలివ్వడానికి మొదటి ఆరు నెలలు రోజుకు అదనంగా 600 కేలరీలు కావాలి. అంతకు మించి తింటే పాలిస్తున్నా బరువు పెరుగుతుంది. పాలు పడ్డాక వారానికి అరకిలో చొప్పున తగ్గితే పాలు ఎండిపోవు.

లావుగా ఉన్నవాళ్లకు పాలు పడటం ఒకట్రెండు రోజులు ఆలస్యం కావచ్చు. అది పాలు లేకపోవడం కాదు. డబ్బా పాలకు పరుగెత్తకుండా, మొదటి గంటలోనే రొమ్ముకు పట్టించి, రోజుకు 8–12 సార్లు పట్టించాలి. రొమ్ము బరువుగా ఉంటే బిడ్డను చంక కింద, కాళ్లు వెనక్కి వచ్చేలా పట్టుకుంటే నోరు బాగా అందుతుంది.

"పిల్లల ఆపరేషన్ చేయించుకున్నాకే ఒళ్లొచ్చింది"

ట్యూబెక్టమీలో అండవాహికలను మూసేస్తారు, అండాశయాలను ముట్టుకోరు. హార్మోన్లు ఎప్పటిలాగే ఉంటాయి. ఒళ్లు వచ్చేది రెండు కాన్పుల బరువు దిగకుండా మిగిలిపోవడం వల్ల, 'ఆపరేషనైంది, బరువు పనులు చేయకు' అంటూ నెలల తరబడి కూర్చోబెట్టడం వల్ల. కాపర్‌-టీ వల్లా బరువు పెరగదు. అంతర (మూడు నెలలకోసారి వేసే గర్భనిరోధక) ఇంజెక్షన్‌తో మాత్రం కొందరికి పెరుగుతుంది. అలాంటప్పుడు పద్ధతి మార్చుకోవచ్చు.

"రెండో కాన్పు అయ్యాక ఒకేసారి తగ్గుతాలే"

మా లెక్కలో వీటన్నిటికంటే ఖరీదైన అపోహ ఇది. స్వీడన్‌లో లక్షన్నర మంది తల్లుల రికార్డులు చూసి 2006లో ప్రచురించిన పరిశోధనలో, రెండు గర్భాల మధ్య బీఎంఐ 3 పాయింట్లు, అంతకు మించి పెరిగినవాళ్లకు గుర్రపువాతం, గర్భకాలపు షుగర్, సిజేరియన్, మృత శిశువు పుట్టే ప్రమాదం అన్నీ పెరిగాయి. ఐదడుగుల మనిషికి 3 పాయింట్లంటే ఏడు కిలోలు. రెండు మూడేళ్లలో ఎవరూ గమనించకుండానే చేరే బరువు అది.

గమనించకపోవడానికి కారణమూ కళ్లముందే ఉంది. కాన్పు వరకు ప్రతి చెకప్‌లో తల్లి బరువు చూస్తారు. ఆ తర్వాత తూకం మీదికి ఎక్కేది బిడ్డే. టీకాలకు ఎలాగూ 6, 10, 14 వారాలకు, బిడ్డకు తొమ్మిది నెలలు నిండాక, ఏడాదిన్నర దగ్గర్లో వస్తారు. ఆ అయిదు సార్లూ తల్లిని కూడా తూకం మీద నిలబెట్టండి. గర్భంలో షుగర్ వచ్చిన తల్లికి ఆరు వారాల టీకా రోజే 75 గ్రాముల గ్లూకోజు పరీక్ష మళ్లీ చేయించవచ్చు, ఈసారి పరగడుపున రమ్మనాలి. పరగడుపున 126 గానీ, రెండు గంటలకు 200 గానీ వచ్చినా, దాటినా షుగర్ పోలేదన్నట్టే. తొమ్మిదో నెల టీకా నాటికి తల్లి బరువు గర్భానికి ముందున్నదానికంటే ఐదు కిలోలు ఎక్కువ ఉంటే, రెండో గర్భానికి ఎడం గురించి, తిండి గురించి ఆ రోజే మాట్లాడాలి. దీనికి కొత్త రిజిస్టరు అక్కర్లేదు, కార్డులో బిడ్డ బరువు పక్కన ఉన్న ఖాళీలో పెన్నుతో రాస్తే చాలు.