మంచు కురవని కడపలో బండ ఎందుకు పెచ్చులు లేస్తుంది?

ఎర్రగుంట్ల, జమ్మలమడుగు చుట్టుపక్కల గనుల్లో తీసే కడప బండ మన అరుగులకే కాదు, ఇంగ్లండులో పెరటి నేలలకూ వెళ్తోంది. అక్కడివాళ్ళకు చలికాలం వస్తే ఒకటే బెంగ. బండల సందుల్లో నిలిచిన నీరు రాత్రికి గడ్డకడుతుంది, గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతుంది. చోటు చాలకపోతే రాతిని లోపలి నుంచి నెడుతుంది. పొద్దున కరిగి, విచ్చుకున్న సందులో ఇంకాస్త లోతుకు దిగి, రాత్రికి మళ్ళీ గడ్డకడుతుంది. ఇలా కొన్ని చలికాలాలు గడిచేసరికి బండ పొరలు పొరలుగా విడిపోతుంది.

కడపలో జనవరి రాత్రి కూడా చలి సున్నా డిగ్రీల దరిదాపులకు పోదు. అయినా మన వాకిళ్ళలో బండల అంచులు పెచ్చులు లేస్తాయి, సందుల్లో సిమెంటు పొడిపొడిగా రాలుతుంది. నాసిరకం సరుకు అంటగట్టాడని అమ్మినవాణ్ణి తిట్టుకుంటాం. చాలాసార్లు తప్పు బండది కాదు, ఉప్పుది.

బోరు నీళ్ళలో, చౌడు నేలలో, ఆ మాటకొస్తే సిమెంటులో కూడా సల్ఫేట్ లవణాలుంటాయి. వాటిలో సోడియం సల్ఫేట్ మహా మొండిది. ఎండలో ఎండితే నీటి తడి లేని పొడిగా మిగులుతుంది. సాయంత్రం కళ్ళాపి చల్లగానే కరిగి, నేల చల్లబడేకొద్దీ మళ్ళీ స్ఫటికమవుతుంది. ఈసారి ఒక్కో అణువూ 10 నీటి అణువులను వెంటబెట్టుకుంటుంది. అప్పుడది ఆక్రమించే చోటు పొడి రూపం కంటే 4 రెట్లకు పైనే! ఈ రెండు రూపాలకూ మధ్య హద్దు దాదాపు 32 డిగ్రీలు. కడప వాకిలి ఆ హద్దును ఏడాదిలో ఎక్కువ రోజులు పగలు ఎక్కుతుంది, రాత్రి దిగుతుంది. చలిదేశంలో మంచు చేసే పనిని ఇక్కడ ఉప్పు చేస్తోంది.

ఈ పోలిక నేను కల్పించింది కాదు. 1820ల్లోనే ఫ్రాన్సు ఖనిజ శాస్త్రవేత్త బ్రార్, మంచుకు ఏ రాయి తట్టుకుంటుందో తేల్చడానికి రాళ్ళను సోడియం సల్ఫేట్ ద్రావణంలో నానబెట్టి చూడమన్నాడు. నేటికీ మన భారత ప్రమాణం ఐ.ఎస్. 2386 ఐదో భాగంలో కంకర గట్టితనాన్ని ఇలాగే, సల్ఫేట్‌లో నానబెట్టి, ఆరబెట్టి పరీక్షిస్తారు.

మీ వాకిట్లో తులసికోట మొదట్లోనో, నీళ్ళ తొట్టి పక్కనో దూదిలాంటి తెల్లటి నూగు కనిపిస్తే గోటితో గీకి సాసరులో వేయండి. నీటిచుక్కకు కరిగిపోతే అది ఉప్పే. కరగకుండా, నిమ్మరసానికి నురగ కడితే సున్నం. అది చూపుకు అసహ్యమే గానీ బండను చీల్చదు. నిమ్మరసం పరీక్ష బండ మీద మాత్రం చేయకండి. కడప బండ కూడా సున్నపురాయే, మచ్చ పడుతుంది.

ఉప్పును నీళ్ళతో కడిగితే సగం మళ్ళీ సందుల్లోకే దిగుతుంది. పొడి చీపురుతో ఊడ్చి, చేటలోకి ఎత్తి బయట పారేయాలి. కొత్తగా బండ పరిచేవాళ్ళు కింద మట్టి బదులు కంకర పొర వేయించుకుంటే నేలలోని తడి పైకి పాకదు. మీటరుకు ఒక సెంటీమీటరు వాలు ఇస్తే నీరు నిలవదు. సందుల్లో చిక్కటి సిమెంటు కంటే సున్నం, ఇసుక కలిపిన గచ్చే నయమని నా అభిప్రాయం. తడి దాని గుండా ఆవిరవుతుంది, ఉప్పు తినేది ఆ గచ్చునే. గచ్చు రాలితే మళ్ళీ పూయొచ్చు, బండ అంచు పోతే అతికేది లేదు. గోడ వెంబడి కాస్త ఎడం కూడా వదలాలి. 10 మీటర్ల బండల వరుస 30 డిగ్రీలు వేడెక్కితే 1 నుంచి 3 మిల్లీమీటర్ల దాకా సాగుతుంది.

మెరుపు కోసం కింద తడి ఆరకముందే పైన వార్నిష్ కొట్టించేవాళ్ళున్నారు. బయటికి రాలేని ఉప్పు ఆ పూత కిందే స్ఫటికమై, పైపొరను పూతతో సహా లేపేస్తుంది. పూత వేయాల్సిందే అనుకుంటే వేసవిలో, వారం పది రోజులు నీళ్ళు చల్లకుండా ఎండనిచ్చి, ఆవిరిని ఆపని రకం ఎంచుకోండి. మరుగుదొడ్లు కడిగే యాసిడ్‌ను మాత్రం అటువైపు తేవద్దు. మరకతో పాటు రాయినీ కరిగిస్తుంది, మిగిలిన గరుకుదనంలోకి మరుసటి రోజు నుంచే బోరు నీరు మరింత సులువుగా ఇంకుతుంది.