ఫోటోకు నీలిమందు

రావులపాలెం నుంచి ఒక పాఠకుడు పంపిన ప్రశ్న ఇది. దాళ్వా వరి పచ్చగా ఉన్న రోజుల్లో చేల మధ్య నిలబెట్టి ఫోటో తీస్తే మనుషుల ముఖాలు గులాబీ రంగుకు తిరుగుతున్నాయి. ఫోటోలు సరిదిద్దే యాప్‌లో రంగును వెచ్చగా, చల్లగా మార్చే టెంపరేచర్ స్లైడరును వెచ్చదనం వైపు జరిపితే బొమ్మంతా పసుపెక్కుతోంది, చల్లదనం వైపు జరిపితే మనిషి పాలిపోతున్నాడు. మరి సినిమాల్లో అలాంటి చేలే, అలాంటి కాలువ గట్లే ఏకకాలంలో వెచ్చగానూ చల్లగానూ ఎలా కనిపిస్తున్నాయి? ఇందులో రెండు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. తెల్లటి వస్తువును తెల్లగా చూపించడం ఒక పని. బొమ్మకు ఒక భావం కల్పించడానికి రంగులు మార్చడం మరొక పని. మొదటిది వైట్ బ్యాలెన్స్, రెండోది కలర్ గ్రేడింగ్. ఒకే స్లైడరుతో రెండు పనులూ చేయబోవడం వల్లనే చాలా ఫోటోలు చెడిపోతున్నాయి.

ముందు గులాబీ ముఖాల సంగతి. దృశ్యంలో పడుతున్న వెలుగు ఏ రంగుదో కెమెరాకు తెలియదు కనుక అది ఊహించాలి. ఆ ఊహల్లో బాగా పాతది, సులువైనది ఏమిటంటే, ఏ దృశ్యంలోనైనా రంగులన్నిటినీ కలిపి సగటు తీస్తే బూడిదరంగు వస్తుందన్నది. 1980లో గెర్షోన్ బుక్స్‌బామ్ దీనికి గణితరూపం ఇచ్చాడు. బజారులో, ఇంటి ముందు, బస్టాండులో ఈ ఊహ బాగానే పనిచేస్తుంది. కోనసీమ చేలల్లో మాత్రం బొమ్మలో ముప్పాతిక వంతు ఆకుపచ్చే కనుక, వెలుగే పచ్చగా ఉందని కెమెరా పొరబడి, దానికి విరుగుడుగా, ఆకుపచ్చకు ఎదురు రంగైన మెజెంటాను (ముదురు గులాబీని) కలుపుతుంది. చేను ఆ కలయికను తట్టుకుంటుంది, ముఖం తట్టుకోదు. ఇదే కెమెరాను కడియం తోటల్లో బంతిపూల మధ్యకు తీసుకెళ్తే నారింజరంగుకు విరుగుడుగా నీలం కలుపుతుంది. నేటి ఫోన్లు ముఖాలను గుర్తుపట్టి ఇంతకంటే తెలివిగా లెక్క కడుతున్నా, ఒకే రంగు నిండిన దృశ్యం ఎదురైనప్పుడు ఈ పాత బలహీనత ఇంకా బయటపడుతూనే ఉంటుంది.

విరుగుడు కలపడమంటే ఏమిటో తెలియాలంటే బట్టలకు నీలిమందు పెట్టడాన్ని గమనించాలి. నాకు తెలిసి దీనికి ఇంతకంటే మంచి పోలిక లేదు. వాడగా వాడగా తెల్ల పంచె పసుపు తిరుగుతుంది. అంటే బట్ట మీద పడిన కాంతిలో నీలిభాగాన్ని అది మింగేస్తోందన్నమాట. చివరి జాడింపు నీళ్ళలో వేసిన నీలిమందు ఆ పసుపును పోగొట్టదు. పసుపు, నారింజ భాగాలను తాను కొంత మింగుతుంది. ఇప్పుడు బట్ట అన్ని రంగులనూ ఇంచుమించు సమానంగా మింగుతోంది కనుక మనకు తెల్లగా కనిపిస్తుంది. నిజానికి అది మునుపటికన్నా కొద్దిగా మసకబారింది. రంగు తటస్థమైతే చాలు, ఆ మసకను కన్ను లెక్కచేయదు. వైట్ బ్యాలెన్స్ కూడా ఇదే పని చేస్తుంది, కాకపోతే ఎక్కువైన రంగును తగ్గించడానికి బదులు తక్కువైన రంగును హెచ్చిస్తుంది. 1976లో పేటెంటు పొందిన బ్రైస్ బేయర్ అమరికను అనుసరించే కెమెరా సెన్సర్లలో (కాంతిని పట్టే చిప్పుల్లో) సగం గడులు ఆకుపచ్చకు, పావు వంతు ఎరుపుకు, పావు వంతు నీలానికి కేటాయించి ఉంటాయి. ఫిలమెంటు బల్బు వెలుగులో నీలి గడులకు చేరే కాంతి చాలా తక్కువ కనుక ఆ విలువలను గట్టిగా హెచ్చవేయాలి. దానితోపాటు వాటిలోని గరుకుదనం కూడా హెచ్చుతుంది. బల్బు కింద తీసిన పాత పెళ్ళి ఫోటోలను సరిదిద్దినప్పుడు నీడల్లో నీలి చుక్కలు తేలడానికి కారణం అదే. సెన్సరు పట్టినదాన్ని మార్చకుండా దాచే రా ఫైలులో ప్రతి గడికి 12 లేదా 14 బిట్ల సమాచారం, అంటే 4,096 లేదా 16,384 మెట్లు ఉంటాయి కనుక ఈ హెచ్చవేతకు చోటుంటుంది. మామూలు ఫోటో ఫైలైన జేపెగ్‌లో ఉండేవి 256 మెట్లే.

మన కంటిలో కూడా రంగులను పసిగట్టే మూడు రకాల శంకుకణాలు ఇలాగే ఒక్కొక్కటీ తన సున్నితత్వాన్ని సవరించుకుంటాయని 1902లోనే యోహానెస్ ఫాన్ క్రీస్ ప్రతిపాదించాడు. సాఫ్ట్‌వేర్లు నేటికీ ఆ ప్రతిపాదనకే మెరుగులు దిద్ది వాడుకుంటున్నాయి.

టెంపరేచర్ స్లైడరు మీది అంకెలు కొత్తవారిని తికమక పెడతాయి. కాల్చిన వస్తువు వేడెక్కేకొద్దీ ఎరుపు నుంచి తెలుపుకు, తెలుపు నుంచి నీలానికి జరుగుతుంది కనుక కొవ్వొత్తి వెలుగు సుమారు 1,900 కెల్విన్లు (ఉష్ణోగ్రతకు ఒక కొలమానం), ఫిలమెంటు బల్బు 2,800, మధ్యాహ్నపు ఎండ 5,500, నీలాకాశం నుంచి మాత్రమే వచ్చే వెలుగు 10,000కు పైన. మనం వెచ్చనిదనుకునే రంగు తక్కువ ఉష్ణోగ్రతది. ఇంతవరకు సరేననుకున్నా, రా ఫైలు తెరిచి స్లైడరును 8,000కు పెడితే బొమ్మ నీలంగా మారకుండా పసుపెక్కుతుంది. ఆ అంకె బొమ్మకు కావలసిన రంగును తెలిపేది కాదు. ఫోటో తీసినప్పుడు ఉన్న వెలుగు ఇదీ అని సాఫ్ట్‌వేరుకు మనం ఇచ్చే సాక్ష్యం. వెలుగు నీలమని చెప్పాము కనుక అది విరుగుడుగా పసుపు కలిపింది. ఇంకొక చిక్కు కూడా ఉంది. 3,000 నుంచి 3,200కు జరిపితే మార్పు స్పష్టంగా తెలుస్తుంది, 9,000 నుంచి 9,200కు జరిపితే దాదాపు ఏమీ తెలియదు. పది లక్షలను కెల్విన్ సంఖ్యతో భాగిస్తే వచ్చే మైరెడ్ అనే కొలతతో చూస్తే విషయం తేటపడుతుంది: మొదటి మార్పు 333 నుంచి 312.5కు, అంటే ఇరవై పైచిలుకు, రెండోది 111.1 నుంచి 108.7కు, అంటే రెండున్నర కూడా లేదు. కంటికి తెలిసే తేడా మైరెడ్లను అనుసరిస్తుంది, కెల్విన్లను కాదు.

ఇక అసలు విషయానికి వద్దాము. ఆరుబయట ఎండలో తీసిన ప్రతి ఫోటోలోనూ రెండు దీపాలు వెలుగుతుంటాయి: ఒకటి సూర్యుడు, రెండోది ఆకాశం. గాలి అణువులు తక్కువ తరంగదైర్ఘ్యాన్ని ఎక్కువగా చెదరగొడతాయి. 650 నానోమీటర్ల ఎరుపుతో పోలిస్తే 450 నానోమీటర్ల నీలం నాలుగు రెట్లకు పైగా చెదురుతుంది. చెదిరిన నీలం ఆకాశమంతటి నుంచీ కిందికి వస్తుంది, మిగిలినది సూర్యుడి వైపు నుంచి తిన్నగా వస్తుంది. సూర్యుడు దిగంతానికి చేరినప్పుడు కిరణాలు నడినెత్తిన ఉన్నప్పటికంటే సుమారు 38 రెట్ల గాలిని దాటి రావాలి కనుక నీలం మరింత ఆవిరై నారింజ మిగులుతుంది. మార్గశిర మాసంలో సాయంత్రం నాలుగున్నరకు కాలువ గట్టు మీద నిలబడ్డ మనిషి తెల్ల పంచెను దగ్గరగా చూడండి. ఎండ తగిలే మడత అంచు లేత గంధపు రంగులో ఉంటుంది. ఆ మడత లోపలికి సూర్యుడు చేరడు, ఆకాశం మాత్రమే చేరుతుంది కనుక అక్కడ అదే నూలు నీలంగా ఉంటుంది. అంచుకూ లోపలికీ మధ్య అంగుళం దూరం కూడా లేదు. నీడ అంటే వెలుగు లేకపోవడమని బడిలో చెప్పి ఊరుకుంటారు. పిల్లలకు ఒక తెల్ల కాగితం ఇచ్చి ఎండలో దాని మీద పడిన పెన్సిలు నీడ ఏ రంగులో ఉందో చూడమంటే, ఆ అరగంటలో నేర్చుకునేది ఏడు రంగుల పేర్లు వల్లెవేయించినదానికంటే ఎక్కువ ఉంటుంది.

రెండు దీపాలున్న బొమ్మను ఒక స్లైడరుతో జరిపితే రెండూ కలిసే జరుగుతాయి. ఎందుకన్నది లెక్కలో ఉంది. వైట్ బ్యాలెన్స్ చేసేది గుణకారం. పంచె అంచున నీలపు విలువ 200, మడతలో 20 అనుకుందాము. 1.1తో హెచ్చవేస్తే 220, 22 అవుతాయి. రెండు చోట్లా పెరిగింది పది శాతమే. దీనికి బదులు 8 కూడితే అంచు 208 అయి నాలుగు శాతం మాత్రమే మారుతుంది, మడత 28 అయి నలభై శాతం మారుతుంది. గుణకారం అంతటినీ సమంగా ముంచుతుంది, కూడిక నీడల్లో పేరుకుంటుంది. నీలిమందు సరిగ్గా కరగకపోతే బట్ట మడతల్లోనే పేరుకుని మరకలు కడుతుంది. ఉతికేవారికి అది తప్పు, గ్రేడింగ్ చేసేవారు కోరి తెచ్చుకునేది అదే. అమెరికన్ సొసైటీ ఆఫ్ సినిమటోగ్రాఫర్స్ రూపొందించిన సీడీఎల్ (కలర్ డెసిషన్ లిస్ట్) అనే గ్రేడింగ్ పద్ధతిలో ఈ కూడికను ఆఫ్‌సెట్ అనీ, గుణకారాన్ని స్లోప్ అనీ, మధ్యస్థాయులను వంచే ఘాతాన్ని పవర్ అనీ అంటారు. 2020 అక్టోబరులో ఫోటోలు సరిదిద్దే లైట్‌రూమ్ సాఫ్ట్‌వేరులోకి వచ్చిన మూడు రంగుల చక్రాలు ఇదే భావాన్ని చేతికందేలా చేశాయి: షాడోస్ (నీడల) చక్రాన్ని నీలం వైపు, హైలైట్స్ (వెలుగుల) చక్రాన్ని నారింజ వైపు కొద్దిగా జరిపితే ప్రకృతి అప్పటికే చేసిన పనిని మనం మరికొంచెం గట్టిగా చెప్పినట్టవుతుంది. సినిమాలో వెచ్చదనం, చల్లదనం ఒకేసారి కనిపించడం వెనుక ఉన్నది ఇంతే. కొంచెమన్నది ముఖ్యం. నల్లటి చోట కూడా కూడిక పనిచేస్తుంది కనుక, మోతాదు మించితే తాటిబెల్లం రంగు జుట్టు కూడా ఇంకు రంగులోకి వస్తుంది.

నారింజనూ నీలినీ ఎంచుకోవడానికి చర్మం కూడా ఒక కారణం. మనిషి ఛాయ ఏదైనా దానికి రంగునిచ్చేవి ప్రధానంగా మెలనిన్, రక్తంలోని హిమోగ్లోబిన్. అందుకే అన్ని ఛాయలూ వర్ణచక్రంలో నారింజకు దగ్గరగా ఒక సన్నని పట్టీలోనే పడతాయి. తేడా కాంతిలోనూ గాఢతలోనూ ఉంటుంది. వీడియో ఎడిటర్లు బొమ్మలోని రంగులను కొలవడానికి వాడే వెక్టార్‌స్కోప్ అనే చక్రం మీద దీనికోసం ఒక గీతే గీసి ఉంటుంది. నేపథ్యం నీలంగా మారితే దానికి ఎదురు రంగైన ముఖం వెంటనే ముందుకు వస్తుంది. పెళ్ళి సంబంధాలకు పంపే ఫోటోల్లో అమ్మాయిని తెల్లగా చూపించాలని మొత్తం బొమ్మకు నీలం ఎక్కించడం మన దగ్గర చాలా స్టూడియోల అలవాటు. అలా చేస్తే చర్మంలోని నారింజ చచ్చిపోయి బూడిదరంగు మిగులుతుంది. మనిషి తెల్లబడదు, జబ్బుపడినట్టు కనిపిస్తుంది. చామనఛాయకు దిద్దుబాటు అవసరమనుకోవడమే అసలు లోపమని నా అభిప్రాయం.

రెండు దీపాల మధ్య దూరం ఎంత ఉండగలదో చూడాలంటే భోగి మంటను మించినది లేదు. తెల్లవారుజామున ఆకాశం పది వేల కెల్విన్లకు పైన, కట్టెల మంట కొవ్వొత్తికి దరిదాపుల్లో. మైరెడ్లలో నాలుగు వందలకు పైగా తేడా. మంట వైపు తిరిగిన చెంప నారింజ, వెనుక భుజం నీలం. ఆటోమేటిక్ కెమెరా మంటను తెల్లబరచబోయి ఆకాశాన్ని గాఢనీలం చేస్తుంది, లేదా ఆకాశాన్ని సరిచేయబోయి మంటను ఎర్రటి ముద్ద చేస్తుంది. ఇక్కడ తెల్లబరచవలసినదంటూ ఏమీ లేదు. సుమారు 4,000 దగ్గర నిలిపితే మంట మంటలాగే, తెల్లవారుజాము తెల్లవారుజాములాగే ఉంటాయి. గ్రేడింగ్ అవసరమే రాదు. ఆ వేళ కాలువ మీద లేచే మంచుకు మాత్రం నీలం పూయకపోవడం మంచిది. మంచు బిందువులు కాంతి తరంగాలకంటే ఎన్నో రెట్లు పెద్దవి కనుక అన్ని రంగులనూ ఒకేలా చెదరగొడతాయి. మంచుకు సొంత రంగు లేదు, మంట దగ్గర నారింజగా, దూరంగా ఆకాశపు రంగులో దానంతట అదే ఉంటుంది. శ్రావణంలో యానాం దగ్గర గోదావరి ఎర్రనీటికి సినిమా నీలం పూయడం కూడా నాకు నచ్చని పని; ఆ నీటిలోని ఒండ్రే ఈ డెల్టాను కట్టింది.

వెన్నెల సంగతి ఇంకా విచిత్రం. చంద్రుడి నేల నీలంకంటే ఎరుపును కొంచెం ఎక్కువగా తిప్పి పంపుతుంది కనుక వెన్నెల సుమారు 4,100 కెల్విన్లు, అంటే మధ్యాహ్నపు ఎండకంటే వెచ్చని రంగు. అయినా రాత్రి దృశ్యాలను నీలంగా గ్రేడ్ చేస్తారు, మనకు అది సహజంగానే తోస్తుంది. మసక వెలుగులో శంకుకణాల పని తగ్గి, రంగులు గుర్తించలేని దండకణాలు పైచేయి అవుతాయి. కంటి సున్నితత్వపు శిఖరం 555 నానోమీటర్ల నుంచి 507కు జరుగుతుంది. ఎరుపులు నల్లబడతాయి, నీలి ఆకుపచ్చలు తేలుతాయి. చెక్ శాస్త్రవేత్త యాన్ పుర్కిన్యే దీనిని 19వ శతాబ్ది తొలినాళ్ళలో గమనించాడు. కనుక రాత్రికి నీలం పూయడం వెలుగు రంగును చూపడం కాదు, కన్ను పడే అవస్థను చూపడం. ఎరుపుల గాఢత తగ్గించకుండా నీలం మాత్రమే పూస్తే అది రాత్రిలా అనిపించకపోవడానికి కారణం కూడా ఇదే. వెన్నెలలో చలువ ఉంటుందన్న నమ్మకాన్ని దీనితో కలపనక్కరలేదు. మబ్బులేని రాత్రి నేల తన వేడిని ఆకాశంలోకి సులువుగా వదులుకుంటుంది, చంద్రుడు బాగా కనిపించేదీ ఆ రాత్రులలోనే.

కొబ్బరితోటల్లో తీసినవాటికి టెంపరేచర్ కంటే, రంగును ఆకుపచ్చకూ మెజెంటాకూ మధ్య జరిపే టింట్ స్లైడరు ముఖ్యం. ఆకుల గుండా దిగిన వెలుగు, గడ్డి మీద తుళ్ళిన వెలుగు ఆకుపచ్చగా ఉంటాయి. గడ్డం కింద, ముక్కు పక్కన ఆ పచ్చ బాగా తెలుస్తుంది. టింట్‌ను మెజెంటా వైపు జరిపితే ముఖం బాగుపడుతుంది కానీ తోట ఎండిపోయినట్టవుతుంది, అందుకని మాస్క్ గీసి (సవరణ తగలవలసిన చోటును వేరుచేసి) ముఖానికి మాత్రమే ఆ సవరణ చేయాలి. తెల్ల చొక్కా మీద ఐడ్రాపర్ (ఇది తటస్థ రంగని సాఫ్ట్‌వేరుకు చూపే గుర్తు) పెట్టి సరిచేయడం నమ్మదగిన పద్ధతి కాదు. నేటి సబ్బుపొడుల్లోని తెల్లదనపు రసాయనాలు కంటికి కనిపించని అతినీలలోహిత కిరణాలను మింగి నీలి కాంతిని వెలువరిస్తాయి. ఎండలో ఆ చొక్కా ఉన్నదానికంటే నీలంగా నమోదవుతుంది, సాఫ్ట్‌వేరు దానినే తెలుపని నమ్మి ముఖాలకు పసుపు పూస్తుంది. ఫోటోగ్రఫీ దుకాణాల్లో దొరికే బూడిదరంగు కార్డును ముఖం పక్కన పట్టించి ఒక ఫోటో తీసుకుంటే ఈ గొడవ ఉండదు.

ఇదంతా చేసేటప్పుడు ఫోన్‌లో, కంప్యూటరులో రాత్రిపూట తెరను పసుపుగా మార్చే ఏర్పాటును ఆపివేయాలి. తెర తెలుపు 6,500 కెల్విన్ల దగ్గర ఉంటుందన్న లెక్క మీదే సాఫ్ట్‌వేర్లన్నీ నడుస్తాయి; అచ్చు వేసిన ఆల్బమ్‌ను పరిశీలించడానికి పెట్టుకున్న ప్రమాణం 5,000. పసుపు తెర మీద సరిగ్గా ఉందనుకుని పంపిన ఫోటో మర్నాడు అందరి ఫోన్లలోనూ నీలంగా తెరుచుకుంటుంది.