వెనకాల నిప్పులు, ముందు సీట్లో వణుకు

పాత ఫోక్స్‌వ్యాగన్ క్యాంపర్ వ్యాన్‌లో చలికాలం తిరిగినవాళ్లను హీటర్ గురించి అడిగితే ముందు నవ్వుతారు. లివర్ చివరిదాకా లాగినా కాళ్లకు తగిలేది ఎవరో నోటితో ఊదినట్టుండే గాలే. వెనకాల ఇంజన్ మాత్రం ముట్టుకుంటే చెయ్యి కాలేలా ఉంటుంది. పెట్రోలు మండగా పుట్టిన వేడిలో బండిని లాగేది సుమారు పావువంతు. మిగతాదంతా సైలెన్సర్ గుండానో, ఇంజన్ ఒంటి మీంచో బయటికే పోతుంది. కాబట్టి వేడికి కరువు లేదు. అది ముందు సీటు దాకా రావడమే కష్టం.

మామూలు కార్లలో ఈ వేడిని మోసే పని నీళ్లది. 1 లీటరు నీరు మోసే వేడిని మోయడానికి దాదాపు 3500 లీటర్ల గాలి కావాలి. ఈ వ్యాన్‌లో రేడియేటరూ లేదు, నీళ్లూ లేవు, మోసేది గాలే. అంత బలహీనమైన కూలీని పెట్టుకున్నాక దారిలో ఒక్క చిల్లున్నా కష్టమే.

ఇంజన్‌ను చల్లబరిచే ఫ్యానే కొంత గాలిని పక్కకు తోస్తుంది. ఆ గాలి హీట్ ఎక్స్‌ఛేంజర్లలోకి, అంటే ఎగ్జాస్ట్ గొట్టం చుట్టూ ఉన్న రేకు తొడుగుల్లోకి వెళ్తుంది. అక్కడ కాగి, నేల కింద వ్యాన్ పొడవునా ఉన్న గొట్టంలోంచి ముందుకు వస్తుంది. వేడి వద్దనుకున్నప్పుడు ఫ్లాపులు, అంటే లివర్‌తో కదిలే చిన్న తలుపులు, దాన్ని బయటికి వదిలేస్తాయి.

మరమ్మతు ఆ ఫ్లాపులతోనే మొదలుపెట్టాలి. ఇంజన్ ఆపి, చల్లారాక, ఒకరు లివర్ లాగుతుంటే ఇంకొకరు వెనకాల వంగి చూడాలి. చాలాసార్లు కేబుల్ తుప్పుపట్టి బిగుసుకుపోయి ఉంటుంది; లివర్ పూర్తిగా కదిలినా ఫ్లాపు సగమే కదులుతుంది. తర్వాత ఫ్యాన్ నుంచి ఎక్స్‌ఛేంజర్‌కు వెళ్లే మెత్తని గొట్టాలు చూడండి. మడతల్లో చీలి, క్లిప్పు వదులైన చోట గాలి జారిపోతుంది. కొంతమంది వాటిని తీసేసి, ఫ్యాన్ పెట్టెకున్న రంధ్రాలను తెరిచే వదిలేస్తారు. అది ఇంకా పెద్ద తప్పు, ఇంజన్‌కు చేరాల్సిన చల్లగాలి కూడా అటే పోతుంది.

ఎక్స్‌ఛేంజర్ మార్చాల్సివస్తే లోపల రెక్కలున్నాయా లేదా అడగండి. గాలికి తగిలే లోహం ఎంత ఎక్కువుంటే అంత వేడి దిగుతుంది. చవకగా దొరికే వాటిలో కొన్నింటికి రెక్కలు తక్కువ, బరువు తక్కువ, వేడీ తక్కువే. అన్నిటికన్నా ముఖ్యం, లోపలి గొట్టం తుప్పుపట్టి చిల్లిపడితే పొగ నేరుగా క్యాబిన్‌లోకి వస్తుంది. అందులోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. దాన్ని పసిగట్టే అలారం లేకుండా ఈ హీటర్ వాడకూడదని నా గట్టి అభిప్రాయం.

ఇక నేల కింది గొట్టం. చల్లటి రోడ్డుగాలి దాన్ని తాకుతూనే ఉంటుంది, పైన చుట్టిన పొర ఊడిపోయి ఉంటే వేడి అక్కడే కారిపోతుంది. వేడిని తట్టుకునే దూదిలాంటి పొర చుట్టి, తడి చేరకుండా పైన కవరు వేస్తే చాలు. తడిస్తే ఆ పొర ఉన్నా లేనట్టే, ఎందుకంటే వేడిని ఆపేది దాని సందుల్లో కదలకుండా నిలిచిన గాలి.

సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఇంజన్‌తోపాటు ఫ్యాన్ కూడా నెమ్మదిస్తుంది. అప్పుడు చిన్న ఎలక్ట్రిక్ ఫ్యాన్ సాయపడుతుంది. కానీ దాన్ని ఎక్స్‌ఛేంజర్‌కు ముందు, గాలిని నెట్టేలా పెట్టాలి. తర్వాత పెట్టి పీల్చారంటే, ఎక్కడైనా సన్నని చిల్లుంటే పొగను కూడా లాక్కొస్తుంది.

ఇంత చేసినా అద్దాలు తమ వాటా అడుగుతాయి. బయటికీ లోపలికీ 20 డిగ్రీల తేడా ఉంటే, 3 చదరపు మీటర్ల మామూలు అద్దం గుండా సుమారు 350 వాట్లు పోతాయి. వెనక భాగానికి దళసరి తెర అడ్డం వేస్తే వేడి చెయ్యాల్సిన గది సగమవుతుంది.

చివరగా చాలామంది నమ్మని చిట్కా ఒకటుంది. కిటికీలన్నీ బిగించేస్తే లోపలి గాలికి పోయే దారి ఉండదు, కొత్త వేడిగాలికి వచ్చే చోటుండదు. పక్క కిటికీ ఒక అంగుళం తెరిచి, కాళ్ల దగ్గర గాలి వచ్చే రంధ్రానికి పల్చటి కాగితం ముక్క అడ్డం పెట్టి చూడండి. ఇందాక కదలీ కదలనట్టున్న కాగితం రెపరెపలాడుతుంది.